అరువు నాలుక

జాక్మెల్ ఊళ్ళో, సముద్రం వైపు దిగే సందులో, ఫిలొమీజ్ బొగ్గుల ఇస్త్రీపెట్టెతో బతుకుతుంది. బడిపిల్లల చొక్కాలకు ఆమె పెట్టిన మడత వారం దాకా చెదరదు. కానీ ఆమెకు పేరొచ్చింది చొక్కాల వల్ల కాదు, జనవరి ఒకటిన కాచే గుమ్మడి సూప్ వల్ల. సందు మొత్తానికి ఒకటే పెద్ద డేగిసా. ముప్పై ఒక్క ఏళ్ళుగా అది ఆమె పొయ్యి మీదే ఎక్కుతోంది.

ఈసారి డిసెంబరులో వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆమె వాసననూ రుచినీ వెంటబెట్టుకుపోయింది. కాఫీ తాగితే వేడినీళ్ళు, చేప తింటే దూది. ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే డేగిసా ఇంకో గడపకు పోతుంది. పోయింది తిరిగి రాదని ఆమెకు తెలుసు. వాళ్ళమ్మ దగ్గరికి ఇంకో గడప నుంచి అలాగే వచ్చింది మరి.

పండుగ నాడు తెలతెలవారుతూనే పొయ్యి ముట్టించింది. ఉడికిన గుమ్మడి మెదిపింది. పులుపు నారింజ రసంలో నానిన మాంసం, క్యాబేజీ, బంగాళాదుంపలు వేసింది. ఒక్క మిరపకాయను చిట్లకుండా, తొడిమతోనే పైన తేలనిచ్చింది. ఉప్పు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. బానిసలుగా ఉన్నప్పుడు తాతముత్తాతలు ఈ సూప్ దొరలకు వండిపెట్టి, వాసనతో సరిపెట్టుకునేవాళ్ళు. స్వేచ్ఛ వచ్చిన రోజున, ఇదే జనవరి ఒకటిన, కడుపారా తాగారు. 'వాళ్ళకు వాసనైనా దక్కింది' అనుకుని నవ్వుకుంది.

ఆమె ఆశంతా పక్కింటి ఒరానీ మీదే. ఏటా అందరికంటే ముందొచ్చి, రుచి చూసి, వంకపెట్టి పోతుంది.

వచ్చింది. "ఏం వదినా, ఈ ఏడైనా మనుషులు తాగేలా ఉందా, మేకకు పొయ్యాలా?"

"నువ్వే చెప్పు. మేకకంటే నీకే బాగా తెలుసు."

ఒరానీ గరిటె చప్పరించింది. "ఉప్పేది? చప్పగా ఏడుస్తోంది."

ఫిలొమీజ్ ఉప్పు వేసింది. "ఇప్పుడు?"

"ఇంకో చిటికెడు. నిమ్మకాయ ఎవరికోసం దాచావు?"

పిండింది. "ఇప్పుడు?"

ఒరానీ కళ్ళు చిన్నవయ్యాయి. "ముప్పై ఏళ్ళలో నా మాట ఒక్కటీ విన్నదానివి కాదు. ఒంట్లో బాగానే ఉందా?"

ఫిలొమీజ్ మకరోనీ గుమ్మరించి, మాట తప్పించడానికి గిన్నెలు తుడవసాగింది. కాసేపటికి ఒరానీ ముక్కు ఎగబీల్చింది.

"వదినా, అడుగంటుతోంది."

ఫిలొమీజ్ కంగారుగా గరిటె అందుకోబోయింది. ఒరానీ ఆ చెయ్యి పట్టుకుంది. "కలపకు. మాడు పైకొస్తుంది."

ఇద్దరూ డేగిసా దించి, పైది వేరే గిన్నెలోకి వంచారు. మాడు అడుగునే ఉండిపోయింది.

"పొయ్యి పక్కనే నిలబడ్డావు, నీకు తెలియలేదు. ఎప్పట్నుంచి?"

"జ్వరం వచ్చినప్పట్నుంచి."

"అయితే ఇందాకట్నుంచీ నా నాలుక అరువు తీసుకున్నావన్నమాట."

"ఊరికే పడుంది కదా అని. వంకలు పెట్టడం తప్ప దానికి పనేముంది?"

ఒరానీ నవ్వు ఆపుకోలేక పీట మీద కూలబడింది.

ఎండెక్కేసరికి సందంతా వాకిట్లోనే ఉంది. "ఫిలొమీజ్ చెయ్యంటే చెయ్యే," అన్నాడు ముసలి మంగలి. "ఉప్పు కాస్త తక్కువే," అంటూ ఒరానీ రెండోసారి గిన్నె పట్టింది.

"వచ్చే ఏటికి కూడా రుచి తెలియకపోతే?" అంది ఫిలొమీజ్ మెల్లగా.

"నా నాలుక ఎక్కడికీ పోదు. ఆ డేగిసా మా ఇంటికి రాదు, మోయలేను."

ఒరానీ ఆ మిరపకాయను తీసి, ఫిలొమీజ్ గిన్నెలో వేసి, చెంచాతో చిట్లగొట్టింది. "ఇదైనా తెలుస్తుందేమో చూడు."

ఒక్క చెంచా. నాలుక భగ్గుమంది, కళ్ళూ ముక్కూ కారిపోయాయి.

"తెలిసింది," అంది ఫిలొమీజ్. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చెంచా ముంచింది.