నానీమా వేయించిన ఖర్జూరం గింజలు

మనం పారేసే పండ్ల గింజల్లో యాంటీఆక్సిడెంట్లు ఎంత ఉంటాయో తేల్చడం నా పరిశోధన. అందుకే రంజాన్ నెల మొదట్లోనే, మొఘల్‌పురాలో మా పక్కింటి నానీమాను ఇఫ్తార్‌లో తిన్న ఖర్జూరం గింజలు నాకోసం దాచిపెట్టమని అడిగాను. ఆవిడ మా గల్లీనే కాదు, వెనక గల్లీని కూడా వదల్లేదు. పండుగ అయ్యాక డబ్బా నిండిందని కబురు పంపింది.

ఈ సాయంత్రం వెళ్లి డబ్బా మూత తీస్తే నల్లటి పొడి. యాలకుల వాసన గుప్పుమంది.

"ఇదేంది నానీమా, గింజలేవి?"

"గవే బేటీ. పొడి గొట్టాలె అన్నవ్ గద. నీకెందుకు తక్లీఫ్ అని నేనే మంచిగ నల్లగయ్యేదాంక వేయించి, హమాందస్తాల దంచిన. కాఫీ లెక్క తాగు, మస్తుంటది."

నాకు కావలసింది పచ్చి గింజలు. వేయించాక అవి నా ప్రయోగానికి పనికిరావు. ఆ మాట చెప్పబోయాను గానీ, దంచి దంచి బొబ్బలెక్కిన ఆవిడ అరచెయ్యి చూశాక అక్కడే కూర్చుని ఒక కప్పు తాగాను. బాగుంది కూడా, అదే నా ఖర్మ. సోమవారం మా గైడ్ శాంపిల్ ఏదని అడిగితే తాగేశానని చెప్పాలి.

మీ ఇళ్లలో ఖర్జూరం గింజలుంటే కామెంట్లో చెప్పండి, నేనే వచ్చి తీసుకెళ్తాను. కడిగి ఆరబెడితే చాలు. అంతకు మించి దయచేసి ప్రేమ చూపించకండి.