ఆకులు తినే జంతువుకు కోరలు

మొన్న తార్నాకలో మా ఫ్లాటు గోడలకు మేస్త్రీ లప్పం పెడుతుంటే, ఆ తడి వాసనకు మా నాయన గుర్తొచ్చాడు. ఆయన చొక్కాలన్నీ ఇదే వాసన వేసేవి.

అరవైల చివర్లో నాయన యూనివర్సిటీలో, రాళ్ల గురించి చదువు చెప్పే డిపార్ట్‌మెంటులో అటెండరు. చలికాలంలో సార్ల వెంట గోదావరి పక్కకు పోయి, మట్టిలో బయటపడ్డ రాకాసి బల్లి ఎముకలకు తడి కాగితం చుట్టి, ప్లాస్టర్‌లో ముంచిన గోనె పట్టీలు కప్పి, లారీలో తెచ్చేవాడు. మిగతా ఏడాదంతా ఆ కట్లు విప్పుకుంటూ, చిన్న బ్రష్షుతో మట్టి తోముకుంటూ గడిపేవాడు. వానాకాలం ఆదివారాల్లో నేను కాల్చిన మక్క కంకి తింటూ పాత గోనెసంచులు పట్టీలుగా కత్తిరించేదాన్ని. విరిగిన ప్లాస్టర్ పెచ్చులతో క్యాంపస్ క్వార్టర్ల పిల్లలమంతా తొక్కుడుబిళ్ల గీతలు గీసుకునేవాళ్లం.

ఎముకలు ముట్టిన మనిషి స్నానం చేయకుండా గడప దాటకూడదని అమ్మ పట్టు. వేపాకు వేసిన నీళ్ల బకెట్టు రోజూ సాయంత్రం బయట సిద్ధంగా ఉండేది.

"కోట్ల ఏండ్ల కిందటియే! రాళ్లయిపోయినయ్," అని నాయన మొత్తుకునేవాడు.

"రాయైతే ఎముక కాకపోతదా?" అనేది అమ్మ.

ఆ జంతువు పొడుగు ఎంతో నాయన వరండాలో అడుగులు వేసి చూపించాడు. తోక మా గడప దగ్గరుంటే, మెడ సాగి సాగి తల నాలుగిళ్ల అవతల నల్లా దగ్గర తేలింది. అంతదీ ఆకులే తినేదట. దాని తాతముత్తాతలు చిన్నగా ఉండి, రెండు కాళ్ల మీద కూడా నడిచేవట.

దసరా సెలవుల తర్వాత బడిలో ఎగ్జిబిషన్‌కు నేను దాని బొమ్మ వేశాను. మా టీచరు కోస్తా నుంచి వచ్చినావిడ.

"ఇంత జంతువు ఆకులు తిని బతికిందా? ఎవరు చెప్పారే?"

"మా నాయన."

"మీ నాన్న ప్రొఫెసరా?"

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆవిడ ఎర్ర పెన్సిలుతో నా జంతువుకు కోరలు దిద్దింది. నేను రబ్బరు తీసి, కాగితం చిరిగేదాకా చెరిపాను. మీ నాన్న వచ్చి తప్పయిందని చెబితేనే బొమ్మ గోడకెక్కుతుందంది.

మర్నాడు నాయన పని చొక్కాతోనే వచ్చాడు. ఒక్క మాట అంటే అయిపోయేది. ఆయన జేబులోంచి ప్లాస్టర్‌తో పోసిన పన్ను అచ్చు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"చూడుండ్రి అమ్మా, చెంచా లెక్క ఉన్నది. మాంసం చీరే పన్ను గిట్లుండదు. నేను ప్రొఫెసర్ని కాదు. ఎనిమిది రోజులు ఈ పన్ను తోమింది మాత్రం నేనే. నా బిడ్డ తప్పు గీయలే."

బొమ్మ గోడకెక్కలేదు. ఎగ్జిబిషన్ రోజు పొద్దున అమ్మ చిరిగిన ఆ బొమ్మను అన్నం మెతుకులతో మా తలుపుకు అంటించింది. బడికి పోయేవాళ్లంతా మా తలుపు ముందు నుంచే పోవాలి. టీచరు కూడా పోయింది.

సాయంత్రం నాయన వచ్చేసరికి బయట బకెట్టు లేదు. గడప ముందు ఆగి అటూ ఇటూ చూశాడు.

"లోపటికి రా, చాయ సల్లారుతున్నది," అంది అమ్మ.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, ఆ వరండా లేదు, నాయనా అమ్మా లేరు. కిటికీలోంచి మెట్రో కనబడుతుంది. మేస్త్రీ చాయకు పోయినప్పుడు, తడి లప్పం మీద వేలితో ఒక పొడుగాటి మెడ గీశాను. చివర చిన్న తల పెట్టి, నోట్లో ఆకు పెట్టాను.

మేస్త్రీ వచ్చి చూసి, "ఏంది మేడమ్, పిల్లలు గీసిండ్రా? చెరిపేస్త ఆగుండ్రి," అంటూ లప్పం పూసే పట్టీ ఎత్తాడు.

"నేనే గీసిన," అన్నాను. "చెయ్యి పెట్టకు."