మందునీళ్లలో బతికిన క్రిమి

మొన్న మా మనవరాలు పరీక్షకు చదువుకుంటూ ప్లాస్మిడ్, ప్లాస్మిడ్ అని పైకి వల్లెవేస్తుంటే బియ్యం ఏరుతున్న నా చేతులు ఆగిపోయాయి. ఆ మాట నేను మొదట విన్నది జమ్మలమడుగు ఆసుపత్రి ల్యాబులో, బస్సులో పక్కనున్నవాళ్లది ఏ ఊరని అడగడానికే జంకే ముఠాకక్షల ఎన్నికల రోజుల్లో. మన వయసు వాళ్లకు ఆ రోజుల గురించి వేరే చెప్పనక్కర్లేదు.

నేను ల్యాబులో పనిచేసేదాన్ని, మా పిన్ని అక్కడే వార్డులో నర్సు. పెద్దముడియం వైపు నుంచి బాంబు దెబ్బతో వచ్చిన ఒకతని కాలికి పిన్ని రోజూ కట్టు మార్చేది, అయినా పుండు మానకపోగా పచ్చటి చీము పట్టింది. పిన్నిది తొండూరు, అవతలి పార్టీకి పట్టున్న ఊరు. ఆమే పుండులో విషం పెడుతోందని అతని అన్న నిశ్చయించుకున్నాడు. మనుషులను వెంటబెట్టుకుని గుమ్మంలో నిలబడి, గొంతు పెంచకుండానే, "రేపు పొద్దుగూకేలోపల నిజం తేలల్ల. లేకుంటే ఆయమ్మ ఇంటికి పోదు" అన్నాడు.

 వార్డు చూసే డాక్టరమ్మ చెప్పినట్టు ఆ పుండు నుంచీ, వార్డు అవతలి కొసన ఉన్న ఎదుటి పార్టీ మనిషి కాలి పుండు నుంచీ, కట్టు కట్టే సామాను నుంచీ, ఆఖరికి పట్టకార్లు ముంచి ఉంచే, క్రిములను చంపే మందునీళ్ల నుంచీ నమూనాలు తీసి క్రిములు పెరిగే గాజు పళ్లేలలో పెట్టాను. మర్నాడు పొద్దుగూకకముందే ఆ అన్న ఎదుటే వాటిని బయటికి తీశాను.

రెండు పుండ్లవీ, మందునీళ్లదీ పళ్లేలు ఒకేలా పచ్చబడి ఉన్నాయి.

"మందులో పురుగు యాడ బతుకుతాదమ్మా?" అన్నాడు ఆ అన్న.

సీసా ఖాళీ చేసి కడగకుండా పాత మందులోనే కొత్తది కలుపుతూ పోయామనీ, తిండి చాలకపోతే క్రిమి ఎదగడం మాని పైపొర గట్టిచేసుకుంటుందనీ, పైగా మందును తట్టుకునే గుణమున్న చిన్న ఉంగరంలాంటిది, ప్లాస్మిడ్ అనేది, ఒక క్రిమి పక్కదానికి అందిస్తుందనీ డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. అతను ఎదుటి పార్టీ మనిషి పుండు పళ్లెం వైపు వేలు చూపించాడు.

"ఆ పక్కోనికీ ఇదేనా?"

అవునన్నాను. అతను తన మనుషులను బయటికి పొమ్మన్నాడు.

ఆ రోజు నుంచి సీసాలు మరగబెట్టి, మందు ఏ రోజుకారోజు కొత్తగా కలిపాం. అతని తమ్ముడికి మోకాలి కింద కాలు తీసేయక తప్పలేదు గానీ ప్రాణం దక్కింది. అన్న పిన్నిని క్షమించమని అడగలేదు. అయితే ఒక ఉదయం, ఎదుటి పార్టీ మనిషి దగ్గర ఎవరూ లేనప్పుడు, పిన్ని కట్టు మార్చేదాకా అతని కాలు ఎత్తి పట్టుకున్నది ఆ అన్నే.

ఇప్పుడు ఆసుపత్రుల్లో అన్నీ మూసిన ప్యాకెట్లలో వస్తున్నాయి, మా వైపు బాంబుల మోతా తగ్గింది. ఎవరు ఎవరిని చంపారో చెప్పేవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. ఆ ఉదయం చూసినవాళ్లలో పిన్ని కూడా పోయాక, అది చెప్పడానికి నేనే మిగిలాను.