పద్దెనిమిది డిగ్రీల్లో వంకాయ

ఖతార్‌లో వంకాయ చెట్టు చలికి కాయకుండా పోతోందంటే మా ఆవిడ నమ్మలేదు. "దుబాయిల సలి ఏందయ్యా?" అని ఫోన్‌లో నవ్వింది. ఇది దుబాయ్ కాదని చెప్పడం నేను అప్పటికే మానేశాను.

అప్పుడు లుసైల్‌లో ఫుట్‌బాల్ పోటీల కోసం స్టేడియం లేస్తోంది. నేను షట్టరింగ్ కార్పెంటర్ని, కాంక్రీట్ పోయడానికి చెక్క పలకలు బిగించేవాణ్ణి. క్యాంప్ గదిలో ఆరుగురం, అందరిదీ జగిత్యాల వైపే. సెలవు మీద వెళ్ళొచ్చిన ఒకతను పచ్చడి డబ్బాల మధ్య వంకాయ విత్తనాలు తెచ్చాడు. నేను పెయింటు బకెట్లో మట్టి నింపి నాటాను. బయట పెడితే ఎండకు మాడిపోతుంది, పైగా మా క్యాంప్ బాస్ వరండాలో చెప్పులు కూడా ఉంచనివ్వడు. అందుకని గదిలోనే కిటికీ పక్కన పెట్టాను.

దోహాలో చిన్న వంకాయలు దొరకవని కాదు. దొరుకుతాయి. కానీ వచ్చినప్పటి నుంచీ పలకలు బిగించడం, ఊడదీయడం తప్ప నా చేత్తో ఏదీ పెరగలేదు. నేను పెంచిన కాయతో గుత్తి వంకాయ తినాలి. ఆ వేసవిలో నాకున్న కోరిక అదొక్కటే.

దానికి అడ్డం వచ్చింది మామ. నిజానికి చుట్టం కాదు, పక్క ఊరివాడు, వరస కలుపుకున్నాం. రాత్రి డ్యూటీలో కాంక్రీట్ పోసి వచ్చి, పగలంతా గదిలో పడుకుంటాడు. ఏసీ పద్దెనిమిదిలో ఉంటే తప్ప ఆయనకు కన్ను మూతపడదు. చెట్టుకు పూత వచ్చింది, రాలింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ రాలింది.

"మామా, చెట్టుకు సలి వెడ్తున్నది. జర ఇరవై ఎనిమిది మీద వెట్టు" అన్నాను.

"నేను సైట్ల ఉడికి అస్తున్న అల్లుడా. నీ వంకాయకు ఉడుకు గావాల్నంటే పొయ్యి మీది గంజుల ఎయ్యి."

మర్నాడు మాత్రం, ఇంటికి తీసుకుపోదామని కొన్న కొత్త రగ్గును బయటికి లాగి, దాని ప్లాస్టిక్ జిప్పు కవరు నా మొహాన కొట్టాడు. "ఇది తొడుగు దానికి" అన్నాడు. గల్ఫ్ నుంచి రగ్గు లేకుండా ఇంటికి వెళ్ళినవాణ్ణి నేను చూడలేదు. కవరు లేని రగ్గుతో వెళ్ళినవాణ్ణి అసలే చూడలేదు. ఆ కవరు చెట్టు మీద బోర్లించాం. తేనెటీగలు గదిలోకి రావు కాబట్టి వాటి పని కూడా నేనే చేశాను, రోజూ పువ్వుల్ని వేలితో తట్టేవాణ్ణి. ఈసారి పిందెలు నిలిచాయి. అంతా కవరు మహిమేనని క్యాంపంతా చెప్పుకున్నాను.

కాయలు ఇంకో వారానికి కోతకొస్తాయనగా సైట్‌లో ప్లైవుడ్ జారి నా అరచెయ్యి తెగింది. కుట్లు వేసి, డ్యూటీకి రావద్దన్నారు. అలా మొదటిసారి పట్టపగలు గదికి వచ్చాను. తలుపు తీయగానే ఉక్క. మామ బనీను కూడా విప్పేసి, తడి తువ్వాలు ఛాతీ మీద పరుచుకుని పడుకున్నాడు. ఏసీ మీద ఇరవై ఎనిమిది అని ఉంది. సాయంత్రం మేం వచ్చే వేళకు రోజూ పద్దెనిమిదే ఉండేది.

"ఇదేంది మామా?"

"రిమోట్ల సెల్లు అయిపోయినయ్" అని అటు తిరిగి పడుకున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. చేతి నొప్పికి ఏడుస్తున్నానని అనుకోనిచ్చాను.

ఆ ప్రేమ సాయంత్రం దాకానే నిలిచింది. కాయలు కోతకు రాగానే కోసుకుని వండుకుందామన్నాను.

"కుట్లున్నయి. వంకాయ తింటే చీము వడ్తది" అన్నాడు మామ.

"డాక్టర్ అన్నీ తినుమన్నడు."

"ఆయన మందుల డాక్టర్. వంకాయ సంగతి ఆయనకేం దెల్సు?"

గదంతా మామ వైపే. నిజం చెప్పాలంటే నేనూ ఆయన వైపే, వంకాయ పుండుకు పడదని చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కానీ అవి నా కాయలు.

"సరే, మీరన్న తినుండ్రి" అన్నాను.

ఎవరూ కోయలేదు. మెస్‌లో పప్పు తిని వచ్చి, కవరెత్తి ఒకసారి చూసి, మళ్ళీ మూసేవాళ్ళు. కాయలు ముదిరాయి. ఊదా రంగు వెలిసి, పసుపు తిరిగాయి. అవి ఇక విత్తనానికే పనికొస్తాయని అందరికీ తెలుసు, అందరం పొలం పని చేసి వచ్చినవాళ్ళమే. అయినా ఎవరూ చెయ్యి పెట్టలేదు.

కుట్లు విప్పాక వచ్చిన శుక్రవారం మామే వండాడు. పల్లీలు, నువ్వులు, చింతపండు, ఏదీ తక్కువ చేయలేదు. నోట్లో పెట్టుకుంటే పంటి కింద గింజలు, నాలుక మీద చేదు. అందరూ తలలు వంచుకుని తిన్నారు. "మస్తున్నది" అన్నాడు విత్తనాలు తెచ్చినతను, ఇంకొంచెం వేయించుకుంటూ. అంత చెడ్డ గుత్తి వంకాయ నేను జన్మలో తినలేదు. గిన్నె అడుగు నేనే తుడుచుకుని తిన్నాను.

మామ చెయ్యి కడుక్కుని వచ్చి, సెల్లు అయిపోయిన రిమోట్‌తో ఏసీని పద్దెనిమిదికి తెచ్చాడు.