ఎన్క మనుషులున్నరు

ఈసారి తిరుమలగిరి అంగడికి మా గుర్రం రాలేదు. గొంగళ్లు అమ్మే వరుసలో అది నిలబడే జాగా ఖాళీగా ఉండడం చూసి, ఏమైందని కొందరు మా ఇంటికి కబురు పంపారు. అందరికీ ఒకటే జవాబు పోయింది. మా మామ చనిపోయాడు. జరంతో మంచం పట్టి, ఒక మధ్యాహ్నం, అందరం ఇంట్లో ఉండగానే పోయాడు.

మా ఇండ్లల్లో కోడలు మామ ముందు నిలబడదు. ఆయన వస్తుంటే కొంగు నెత్తిమీదికి లాక్కొని పక్కకు జరుగుతుంది. ఆయనతో ఎదురుగా మాట్లాడదు. ఆయన కూడా కోడలిని పిలిచి మాట్లాడడు. ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి నేను మా మామ ముఖం సరిగ్గా చూసింది లేదు. చివరికి పాడె మీద చూశాను. ముక్కు పక్కన చిన్న పుట్టుమచ్చ ఉందని అప్పుడే తెలిసింది.

కానీ ఆయన నాతో చాలా మాట్లాడాడు. అన్నీ గుర్రానికే చెప్పాడు.

మాది గొర్లు కాసే ఇల్లు. మామ గొర్ల ఉన్నితో నేసిన గొంగళ్లను గుర్రం మీద వేసుకొని అంగళ్లు తిరిగేవాడు. పొట్టి ఆడగుర్రం, నొసట తెల్ల చుక్క. దాని పేరు చుక్కి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒక పొద్దున ఆయన అన్నం తిని లేచి, కొట్టం దగ్గర చెయ్యి కడుక్కుంటూ, "చుక్కీ, ఇయ్యాల పప్పుల ఉప్పు వడలేదే" అన్నాడు. నేను తలుపు వెనక బిక్కచచ్చిపోయాను. మా అత్త గట్టిగా నవ్వింది.

"గుర్రానికి పప్పెవరు పెట్టిన్రయ్యా?"

"నేను చుక్కితోని మాట్లాడుతున్న. నడుమ నీకేంది?"

మరునాడు ఉప్పు సరిగ్గా వేశాను. "ఇయ్యాల మంచిగున్నది చుక్కీ" అన్నాడు. అట్లా మొదలైంది. కొన్నాళ్లకు నేను కూడా జవాబు గుర్రానికే చెప్పడం నేర్చుకున్నాను. గడ్డి వేస్తూ, "చుక్కీ, జొన్న గటుక లేదు, అంబలి ఉంది" అనేదాన్ని. గోడ అవతల మామ దగ్గేవాడు. విన్నాడని గుర్తు.

మా ఊరి పక్కనుంచి రైలు కట్ట ఒకటి పోతుంది. దాని మీద రైలు లేదు. నైజాం కాలంలో పట్టాలు వేశారట, కొన్నాళ్లు బండి నడిచిందట. జర్మన్ లడాయి వచ్చినప్పుడు పట్టాలు, కింది మొద్దులు అన్నీ పీకి తీసుకపోయారు. కట్ట మాత్రం మిగిలింది. చేన్ల మీదుగా, బండల నడుమ నుంచి, ఎక్కడా వంపు లేకుండా మోత్కూర్ దిక్కు పోతుంది. మా ఊరివాళ్లు దాని మీద నడవరు. పట్టాలు లేకున్నా ఒక్కోసారి బండి కూత వినపడుతుందని ముసలమ్మలు చెబుతారు. పిల్లలను ఆ పక్కకు పోనివ్వరు.

మామకు ఆ భయం లేదు. "పట్టాలు పీక్కపోయినోళ్లు కూతను ఇడిసిపెట్టిపోతరా? గది గూడ తీస్కపోయిన్రు" అనేవాడు. వానకాలం నల్లరేగళ్లలో బండ్లు కూరుకుపోతుంటే ఆయన గుర్రాన్ని పట్టుకొని కట్ట ఎక్కేవాడు. చుక్కి కాలికి బురద అంటేది కాదు. ఒంటరిగా పోతున్నా సరే కట్ట ఎక్కగానే ఒక మాట అనేవాడట. "చుక్కీ, ఎన్క మనుషులున్నరు, నిమ్మళంగ నడువు." చేన్లలో పనిచేసేవాళ్లు అది విని నవ్వుకునేవాళ్లు. వెనక ఎవరూ ఉండేవాళ్లు కాదు.

మా అత్త నవ్వేది కాదు. ఆమె ఎన్నడూ ఆ కట్ట ఎక్కలేదు. ఎందుకో నేను అడగలేదు.

నాకు మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. తర్వాత కడుపు పండలేదు. మా ఇంటాయన అప్పటికే నందికొండలో ఆనకట్ట పనికి పోయి, పండుగలకు మాత్రం వచ్చేవాడు. మామ తమ్ముని భార్య, మా చిన్నత్త, పక్కింట్లోనే ఉంటుంది. ఆమె రోజూ వచ్చి మా అత్త చెవిలో ఏదో చెప్పి పోయేది. నేను వస్తే మాట ఆపేది. ఒకరోజు మామ కొట్టంలో, "చుక్కీ, రేపు పొద్దుగాల మోత్కూర్ దిక్కు పోవాలె. కడుపునిండ మేయి" అన్నాడు. మోత్కూర్ అవతలే నా పుట్టిల్లు.

తెల్లారి అత్త నా బట్టల మూట కట్టింది. చీరలన్నీ కట్టింది. తర్వాత నేను పెండ్లికి తెచ్చుకున్న ఇత్తడి బిందెను కూడా తెచ్చి గుర్రం మీద కట్టించింది. నా దిక్కు చూడలేదు. పుట్టింటికి చూడ్డానికి పోయే పిల్ల వెంట బిందె పంపరు. బిందె పంపారంటే మనిషిని మళ్లీ తోలుకరారని అర్థం. అది చిన్నపిల్లకు కూడా తెలుసు.

ఆ రోజే మొదటిసారి నేను రైలు కట్ట ఎక్కాను. ముందు మామ తాడు పట్టుకొని, నడుమ చుక్కి, వెనక నేను. కట్ట మీద కంకర రాళ్లు కాలికి గుచ్చుతున్నాయి. రెండు పక్కలా జొన్న చేన్లు ఎక్కడో కింద ఉన్నాయి. అంత ఎత్తు మీద నడుస్తుంటే ఊరు, మనుషులు, అన్నీ మనను వదిలేసినట్టు ఉంటుంది. చుక్కి మీద బిందె నడుం తాడు ఇనుప కడియానికి తగిలి టంగుమన్నప్పుడల్లా తలెత్తి దాన్నే చూసేదాన్ని.

కొంత దూరం పోయాక కట్ట ఒక బండరాతి గుట్టను చీల్చుకొని పోతుంది. రెండు పక్కలా రాతి గోడలు. లోపల చల్లగా, నీడగా ఉంది. అక్కడ మా అడుగుల చప్పుడు గోడలకు తగిలి మళ్లీ వెనక నుంచి వినిపిస్తుంది. ఎవరో వస్తున్నారని నేను తిరిగి చూశాను. ఎవరూ లేరు. మామ ముందునుంచే, తిరిగి చూడకుండానే అన్నాడు.

"ఎన్కకు చూడకు చుక్కీ. వచ్చేటోళ్లు వస్తరు."

గుట్ట దాటితే ఒక గుడిసె ఉంది. ఒకప్పుడు రైలు దారి బాగుచేసే మనుషులు అందులో ఉండేవాళ్లట. పైకప్పు లేదు, రాతి గోడలే నిలిచాయి. చుక్కి తనంతట తాను అక్కడ ఆగింది. మామ సొరకాయ బుర్ర విప్పి, గడప మీద కొన్ని నీళ్లు పోశాడు. ఆ రాయి ఆ నీళ్లను అట్లే తాగేసింది. తర్వాత ఆయన గుర్రం మెడ మీద చెయ్యేసి, నాకు వీపు పెట్టి నిలబడి మాట్లాడాడు.

"చుక్కీ, అప్పటికి నువ్వు పుట్టలేదు. నీ తల్లి ఉండె. మా పెద్దబిడ్డకు పిల్లలు కాలేదని అత్తగారోళ్లు ఇడిసిపెట్టిన్రు. నేనే పోయి తోలుకొస్తున్న. పిల్లకు జరం. గీడికొచ్చినంక, దూపైతాంది నాయినా అన్నది. బుర్రల నీళ్లు లెవ్వు. గీ గుడిసెల పండవెట్టి వాగు కాడికి ఉరికిన. మల్ల వచ్చి చూస్తె..."

చాలాసేపు గుర్రం మెడ నిమిరాడు.

"గప్పటిసంది కట్ట ఎక్కితె ఎన్క నా బిడ్డ నడుస్తున్నట్టే ఉంటది. జల్ది నడుస్తె అందుకోదు. గందుకె నిన్ను నిమ్మళంగ నడువుమంట."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడ్డాను. ఆమెను తోలుకొచ్చిన దారినే నన్ను తోలుకపోతున్నాడు. ఆమె అటు నుంచి వచ్చింది, నేను ఇటు నుంచి పోతున్నాను. అంతే తేడా అనుకున్నాను.

మా పుట్టింటి వాకిట్లో గుర్రం ఆగగానే నన్ను కన్న మా అవ్వ బిందెను చూసింది. అక్కడే కూలబడింది. మా నాయిన చేతులు కట్టుకొని ముందుకొచ్చాడు.

"బావా, మా పిల్ల ఏమన్న తప్పు చేసిందా?"

మామ మూట దించాడు. మా తమ్ముడు బిందె తాడు విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"చుక్కీ, బిందె దించనియ్యకు. గది మనింటిది. గొర్ల ఉన్ని కత్తిరించుడు కాంగనే మల్ల వద్దాం. నీళ్లు మోసే మనిషి వచ్చేదాంక బిందె మనింట్ల ఉత్తగనే ఉంటది."

మా నాయినకు అర్థం కాలేదు. "గదేంది బావా, నన్ను చూసి చెప్పు" అన్నాడు. నాకు అర్థమైంది. గోడకు ఆనుకొని, ఆ రోజు మొదటిసారి గట్టిగా ఏడ్చాను.

మామ చెంబెడు మజ్జిగ తాగి, బిందెతోనే వెనక్కి పోయాడు. అది చూసి ఇంట్లో అత్త ఏమన్నదో, ఆయన ఏమన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఉన్ని కత్తిరింపు అయిన వారంలోనే చుక్కి మా పుట్టింటి వాకిట్లో నిలబడి సకిలించింది. అదే దారిలో, అదే వరుసలో వెనక్కి వచ్చాం. గుడిసె దగ్గర నీళ్లు పోశాక, "చుక్కీ, ఈసారి బుర్ర నిండుగున్నది. దూపైతె అడుగుమను" అన్నాడు. నేను అడిగాను. అంటే, "చుక్కీ, దూపైతాంది" అన్నాను. ఆయన బుర్రను ఒక రాయి మీద పెట్టి దూరం జరిగాడు. ఆ నీళ్ల రుచి నాకు యాదికుంది. కొంచెం పొగ వాసన, కొంచెం ఉన్ని వాసన.

ఇప్పటికీ మాకు పిల్లలు లేరు. ఆయన బతికున్నన్నాళ్లు ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

జరం ఎక్కువైనప్పుడు మా ఇంటాయన నందికొండ నుంచి వచ్చాడు. దవాఖానకు పోదామంటే మామ ఒప్పుకోలేదు. ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి కండ్లు తెరిచి, "చుక్కిని పట్టుకరాండ్రి" అన్నాడు.

"గిప్పుడు గుర్రమెందుకయ్యా నీకు?" అని అత్త ఏడుస్తూనే కసిరింది.

మా ఇంటాయన గుర్రాన్ని గడప దాకా తెచ్చాడు. అది తలను లోపలికి పెట్టి నిలబడింది. నేను ఎప్పటిలాగే తలుపు వెనక ఉన్నాను.

"చుక్కీ," అన్నాడు మామ. గొంతు సగమే వచ్చింది. "నేను లేకున్నా గుడిసె కాడ ఆగాలె. నీళ్లు పొయ్యాలె. భయపడకు. ఎన్క నేనుంట."

గుర్రం నీళ్లు పొయ్యలేదు కదా. ఆ మాట ఎవరికో ఇంట్లో అందరికీ తెలుసు. "పోస్త చుక్కీ" అన్నాను. ఆయన దగ్గాడు. అదే చివరిది.

దినాలు అయిన మరునాడు పొద్దున్నే చిన్నత్త వచ్చి మా అత్త పక్కన కూర్చుంది. ఈసారి నేను వచ్చినా మాట ఆపలేదు.

"అక్కా, ఇంక బావ లేడాయె. పిలగానికి ఇంకో సంబంధం చూస్తె తప్పేముంది? గీ పిల్లను..."

మా అత్త లేచింది. ఆమె నేరుగా కొట్టంలోకి పోయి, మేకుకు వేలాడుతున్న సొరకాయ బుర్ర తీసింది. నేను మోసిన ఇత్తడి బిందెలోంచే దాన్ని నింపి, తెచ్చి నా చేతిలో పెట్టింది. నాతో ఆమె రోజూ మాట్లాడుతుంది. ఆమెకు ఏ అడ్డూ లేదు. అయినా గుర్రం దిక్కు తిరిగి, పక్కింటికి వినిపించేటంత గట్టిగా అన్నది.

"చుక్కీ, మనింటి కోడల్ని తోలుకపో. ఎండ ఎక్కకముందె నా బిడ్డకు నీళ్లు పోసి రావాలె."

చిన్నత్త కొంగు దులుపుకొని లేచిపోయింది.

అత్త కట్ట కింది దాకా వచ్చింది. ఎక్కలేదు. అక్కడే ఒక రాయి మీద కూర్చుంది. నేను తాడు పట్టుకొని పైకి ఎక్కాను. మొదటిసారి ముందు నేనున్నాను. జొన్న చేన్లు కోతైపోయి బోసిగా ఉన్నాయి. గుట్ట దాటాక చుక్కి తనే ఆగింది. గడప మీద నీళ్లు పోశాను. రాయి ముందటిలాగే తాగేసింది. ఎదురుగా ఒక్క మాట మాట్లాడని మామకు ఏం చెప్పాలో తెలియలేదు. "చుక్కీ, ఇంటికి పోదాం" అన్నాను. ఇంటి బయట నా గొంతు నాకే అంత గట్టిగా ఎన్నడూ వినపడలేదు.

తిరిగి వస్తున్నప్పుడు రాతి గోడల నడుమకు రాగానే చుక్కి నడక తగ్గించింది. నేనేమీ అనలేదు. తాడు లాగినా అది తొందరపడలేదు. చెవులు రెండూ వెనక్కి తిప్పి, ఎవరినో అందుకోనిస్తున్నట్టు, ఒక్కొక్క అడుగే వేసింది. మా చప్పుడు గోడలకు తగిలి వెనక నుంచి వస్తోంది. అది మా చప్పుడే కావచ్చు. నేను తిరిగి చూడలేదు. కొంగు నెత్తిమీదికి లాక్కొని, దారి వదిలి, ఒక పక్కకు జరిగి నడిచాను.