పదమూడో నిమిషం

హత్సుయో గారి కాఫీ కొట్లో మాట్లాడకూడదు. నకానో స్టేషన్ వెనక సందులో ఇరుకు మెట్లెక్కి పైకి వెళ్తే, ఎర్ర ముఖమల్ కుర్చీలన్నీ గోడంత ఎత్తున్న రెండు స్పీకర్ల వైపే తిరిగి ఉంటాయి. కాఫీ కావాలంటే వేలు చూపించాలి. పాట కావాలంటే చీటీ రాసివ్వాలి. నాలాంటి నోటి దురుసు మనిషి నలభై ఏళ్లుగా అక్కడ నోరు మూసుకుని కూర్చుంటున్నాడంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

నేను పియానోలకు శృతి చేసేవాణ్ణి. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి తీగలు బిగించి, చెవులు అలిసిపోయాక అక్కడికి చేరేవాణ్ణి. చీటీ మీద మేం రాసేది రచన పేరొక్కటే. ఒక్కో రచనకు హత్సుయో గారి దగ్గర పదీ పన్నెండు రికార్డులుండేవి. ఎవరు వాయించినది పెట్టాలన్నది ఆవిడ ఇష్టం. చీటీ చదివి, మన ముఖంలోకి ఒకసారి చూసి, బీరువా దగ్గరికి వెళ్లేవారు. ఆ తరవాత మధ్యాహ్నం ఎటు పోయేదో తెలిసేది కాదు. కిటికీ తెర వెనక వెలుతురు పసుపు నుంచి బూడిద రంగులోకి మారేది, కప్పులో కాఫీ చల్లారేది, నేనెక్కడున్నానో నాకే గుర్తుండేది కాదు. సరిగ్గా సంగీతం ముగిసే క్షణానికి ఆవిడ లేచి వెళ్లి సూది ఎత్తేవారు. గడియారం చూడగా నేనెప్పుడూ చూడలేదు.

మాటలన్నీ కింద మెట్ల దగ్గరే, కొట్టు తెరవకముందు.

"తొందరగా తలుపు తియ్యండమ్మా, తడిసిపోతున్నా."

"తడిస్తే పియానో తీగలు తుప్పు పడతాయి గానీ, నీకేమవుతుందిలే కజితా," అనేవారు చీపురు ఆపకుండా.

అలాంటి ఒకరోజు అన్నారు: "నా చెవి తప్పిన రోజు ఈ కొట్టు మూసేస్తాను. వినపడని మనిషికి, ఇది విను, అది విను అని ఒకరికి చెప్పే హక్కేముంది?"

వేళాకోళానికి అన్న మాట కాదది. అందుకే పోయిన చలికాలం కెటిల్ కూత పెడుతున్నా ఆవిడ పక్కనే నిలబడి కప్పులు తుడుచుకుంటూ ఉండడం చూసి నాకు భయమేసింది. ఎవరికీ చెప్పలేదు.

గురువారాల్లో మా రికార్డులు మేమే తెచ్చి అందరికీ వినిపించొచ్చు. ఈ జూన్‌లో ఒక గురువారం, చేపల కొట్టు మానేసిన తొగావా ఒక రికార్డును గుడ్డలో చుట్టి తెచ్చాడు. షూబర్ట్ రాసిన పియానో సంగీతం. ఆవిడకు ప్రతి స్వరమూ కంఠతా వచ్చిన రచన. చూడ్డానికి మామూలు పెద్ద రికార్డే గానీ, నిమిషానికి ముప్పై మూడు చుట్ల వేగం మీద కాక నలభై అయిదు మీద తిరగాల్సింది. ఆవిడ అలవాటుగా ముప్పై మూడు మీద పెట్టేశారు.

మొదటి స్వరానికే నా వెన్ను నిటారుగా అయింది. శృతి పాతాళానికి దిగిపోయింది. ఒక్కో స్వరం రాలి, మునిగి, అడుగుకు చేరాక గానీ రెండోది రావడం లేదు. తొగావా వైపు చూశాను. తన రికార్డే, నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. కొట్టు నియమం ఒకటి, చెవి తప్పితే కొట్టు మూసేస్తానని ఆవిడ అన్న మాట ఇంకొకటి. ఏడుగురం తలలు దించుకుని కూర్చున్నాం. కాసేపటికి నాకు తప్పు వినపడడం మానేసింది. బయట వాన కూడా ఆ వేగంతోనే పడుతోందేమో అనిపించింది. నిద్రలో మెట్లు దిగుతున్నట్టుగా ఉంది.

పదమూడో నిమిషంలో హత్సుయో గారు లేచారు. ఆవిడ లెక్కలో సంగీతం ముగిసింది. సూది ఎత్తబోయి చూస్తే, అది ఇంకా రికార్డు మధ్యలోనే తిరుగుతోంది.

చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. వేగం మీటను చూశారు. మా వైపు చూశారు. సూది ఎత్తి పక్కన పెట్టారు.

"మీ రికార్డేగా తొగావా గారూ! చెప్పొద్దూ?"

ఆ గదిలో మనిషి గొంతు వినడం నాకదే మొదలు.

తొగావా బడిపిల్లాడిలా లేచి నిలబడ్డాడు. "మాట్లాడొద్దన్నది మీరేగా అమ్మా."

ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఏడాదిగా నేను జ్ఞాపకంతోనే వింటున్నా. ఇక చాలు. రేపట్నుంచి తెరవను."

"ఎందుకు తెరవరు?" అరిచేశాను. నా అరుపుకు నేనే అదిరిపడ్డాను. "అప్పట్లో మా అమ్మ చనిపోయిన వారంలోనే నేనిక్కడికొచ్చి బ్రామ్స్ రచన అడిగాను. అమ్మ పోయిందని మీకు చెప్పనేలేదు. మీరు నా ముఖం చూసి, పేరున్న వాళ్లందర్నీ వదిలేసి, ఎవరో హంగేరీ ఆవిడ వాయించింది పెట్టారు. శవం దగ్గర రాని ఏడుపు నాకిక్కడ వచ్చింది. అది చెవితో చేసిన పనా?"

ఆవిడకు నా మాటలు ఎంతవరకు వినపడ్డాయో తెలియదు. తరవాత వచ్చి, మా వరసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ అక్కడ కూర్చోగా అంతకుముందు ఎవరం చూడలేదు.

"ఆ హంగేరీ ఆవిడ పైనుంచి మూడో అరలో ఉంటుంది," అన్నారు. "తీసి పెట్టు. వేగం నువ్వే చూసుకో."

నేను కళ్లద్దాలు తుడుచుకుని వేగం చూశాను.