బడి కన్నా ముందు చేరిన జీపు

మా మేనత్త ముప్పై ఏళ్లు బడుల తనిఖీ అధికారిణిగా పనిచేసింది. ఒక్క ఏడాది తప్ప ఆమె ఉద్యోగ ప్రయాణాలన్నీ బస్సులోనే సాగాయి. డ్రైవరు వెనక రెండో వరుసలో కిటికీ పక్కన కూర్చునేది. ఒడిలో ఫైళ్ల సంచీ, సంచీ మీద గొడుగు. ఆమెను గొప్ప అధికారి అనడానికి నేను తొందరపడను. అనుమానం ఎక్కువ, ఎదుటివారి మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక తక్కువ. అయితే బస్సెక్కితే మాత్రం మరో మనిషి.

టికెట్టు చింపుతూనే కండక్టరు మొదలుపెట్టేవాడు. "ఏం మేడం, ఇవాళ ఏ పంతులుగారికి మూడింది?"

"నీకు చెబితే ఊరంతా టముకు వేసినట్టే. చిల్లర చూడు ముందు."

"చెప్పకపోతే మాత్రం? దిగే స్టాపు చూస్తే తెలిసిపోదూ!"

బస్సంతా నవ్వేది. ఆ తరువాత ఒకామె తన మనవరాలి బడిలో తాగడానికి నీళ్లు లేవని చెప్పేది. ఒక ముసలాయన ముందుకు వంగి, కొత్త పంతులు పాఠం బాగానే చెబుతాడుగానీ చెయ్యి చేసుకుంటాడని గుసగుసలాడేవాడు. రిజిస్టరులో ఎక్కనిది ఆమె చెవికి ఆ గంటన్నరలో ఎక్కేది. చిన్నప్పుడు సెలవుల్లో ఆమె పక్కన కూర్చుని నేనూ విన్నాను. వేడెక్కిన రెక్సిను సీటు వాసన, కుదుపు కుదుపుకూ తెగి మళ్లీ అతుక్కునే ఆ మాటలు ఇప్పటికీ అప్పుడప్పుడు నన్ను పలకరిస్తుంటాయి.

పై అధికారికి ఇది నచ్చలేదు. "మీరు వెళ్లేది తనిఖీకా, చుట్టపుచూపుకా? మీరు బస్సు దిగకముందే బడికి కబురు అందుతోంది," అని మందలించి జీపు ఇప్పించాడు. మోకాళ్ల నొప్పులవల్ల ఆమె కూడా కాదనలేదు.

జీపు వచ్చిన ఏడే ఆ ఉత్తర్వూ వచ్చింది. పదిహేను మందికన్నా తక్కువ పిల్లలున్న బడిని మూసివేయాలి. హాజరును అధికారి స్వయంగా లెక్కించి సంతకం చేయాలి. తను బస్సులో తిరిగిన రోడ్డు చివరనున్న బడికి ఆమె తొమ్మిదిన్నరకు చేరింది. గదిలో ఎనిమిది మంది పిల్లలు, ఒక్కడే పంతులు.

"మిగతావాళ్లు బస్సులో వస్తున్నారమ్మా," అన్నాడతను.

"ఆ బస్సు తొమ్మిదింబావుకే వస్తుంది. పదకొండేళ్లు అందులో తిరిగినదాన్ని. నాకా చెబుతారు మాస్టారూ?"

"అది పాత టైమండీ, ఇప్పుడూ..."

"వస్తున్నారు, దారిలో ఉన్నారు. ఈ పాట ప్రతి బడిలోనూ వింటూనే ఉన్నాను."

ఎనిమిది అని రాసి సంతకం చేసింది. ఆ అంకెతో తన బడి మూతపడుతుందని పంతులుకు తెలుసు.

మూడు మైళ్లు రాకముందే ఇరుకు దారిలో బస్సు ఎదురైంది. జీపు పక్కకు ఒదిగి ఆగింది. కండక్టరు తల బయటపెట్టాడు. "మేడం! జీపెక్కాక మేం కంటికి ఆనడం లేదే!"

అతని వెనక కిటికీల నిండా పిల్లల ముఖాలు, పుస్తకాల సంచులు.

"ఇదేంటి, ఈ వేళప్పుడు?"

"రూటుకు ఇంకో రెండు ఊళ్లు తగిలించారుగా. ఆర్నెల్లయింది. బస్సెక్కితే కదా తెలిసేది!"

అతను సరదాకే అన్నాడు. ఆమెకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది. తనకు తెలుసన్న నమ్మకమే ఎదుటివాడి నోరు నొక్కిందని ఆ క్షణంలో గ్రహించి ఉంటుంది. అజ్ఞానానికి అడిగే వినయమైనా ఉంటుంది. పాతబడిన జ్ఞానానికి అదీ ఉండదు.

ఆమె జీపు దిగబోతుంటే డ్రైవరు గాభరా పడ్డాడు. "సంతకం అయిపోయిందమ్మా. ఇప్పుడు కొట్టేస్తే సంజాయిషీ అడుగుతారు. ప్రమోషను జాబితా ఈ నెల్లోనే కదండీ!"

"ఆ సంగతి నాకు తెలుసులే. నువ్వు ఆఫీసుకు వెళ్లిపో బాబూ."

బస్సెక్కి లెక్కపెడితే పిల్లలు తొమ్మిది మంది. బడిలో అందరినీ కూర్చోబెట్టి మళ్లీ లెక్కపెట్టింది. ఎనిమిదిని కొట్టివేసి, పదిహేడు అని రాసి, కింద కారణం చేర్చింది: "బస్సు వేళ మారిన సంగతి నేను తెలుసుకోలేదు. ఉపాధ్యాయుడు చెప్పినా వినలేదు. తప్పు నాదే."

ఆ వాక్యం ఆమెకు ప్రమోషను లేకుండా చేసింది. చివరిదాకా అదే కుర్చీలో ఉండిపోయింది. ఆ బడి మాత్రం మూతపడలేదు.

ఆ ఉదయం పంతులు రిజిస్టరు అందుకుని రెండుసార్లు చదువుకున్నాడు. ఏదో అనబోయి, రిజిస్టరు మూసి బల్ల మీద పెట్టాడు. ఆమె అతని మాట కోసం ఆగింది.

"తిరుగు బస్సు పదకొండున్నరకండీ," అన్నాడు చివరికి.

"ఈసారి మీ మాటే నమ్ముతాను," అని ఆమె పిల్లల వెనక బెంచీ మీద కూర్చుంది. "అందాకా పాఠం చెప్పండి మాస్టారూ, వింటాను."